ఆఫీసు పనిలో ఏఐ కోడింగ్ సహాయకులు: కోడ్ కన్నా ముందు కాపాడుకోవలసినవి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. తిరుపతిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో మీరు పని చేస్తున్నారు. లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేరు, చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కొనుగోళ్ల లెక్కల సాఫ్ట్‌వేరు రాస్తున్నారు. ఏఐ వాడకం గురించి ఆఫీసులో రాతపూర్వకమైన నియమం ఏదీ లేకపోవడంతో ఎవరి సొంత ఖాతాతో వారు వాడుకుంటున్నారు. ‘నా డేటాతో శిక్షణ ఇవ్వవద్దు’ అనే సెట్టింగు పెట్టుకున్నాం కనుక సరిపోతుందా, మోడల్‌ను మన కంప్యూటర్‌లోనే నడుపుకుంటే ఈ బెడద తీరుతుందా, పోయిన నెలలో అతిథుల వివరాలున్న ఒక లాగ్‌ను (ప్రోగ్రాం తాను చేసిన పనినీ, వచ్చిన దోషాలనూ నమోదు చేసుకునే ఫైలును) చాట్‌లో అతికించిన సంగతి యజమానికి చెప్పాలా అని మూడు సంగతులు అడిగారు. ఆసుపత్రుల, ఆర్థిక సంస్థల సాఫ్ట్‌వేర్ భద్రతను చాలా ఏళ్లుగా చూస్తున్నవాడిగా నాకు తోచిన సమాధానం ఇది.

ఏఐ సహాయకుల మాట వచ్చినప్పుడల్లా ఆఫీసుల్లో మొదట వినిపించే భయం ‘మన కోడ్ బయటికి పోతుందేమో’ అన్నది. కొన్ని సంస్థల విషయంలో ఆ భయం న్యాయమైనదే. 2023లో శామ్‌సంగ్ సెమీకండక్టర్ విభాగపు ఇంజినీర్లు తమ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి బయటపడ్డాక, ఆ ఏడాది మే నెలలో ఆ సంస్థ తన కంప్యూటర్లలో ఇటువంటి సాధనాలు వాడకూడదని ఆంక్ష విధించింది. చిప్పుల తయారీలో కోడే ఆస్తి. మరి గది ఖాళీగా ఉందో లేదో చూసి, అద్దె మీద జీఎస్టీ లెక్కగట్టి, బిల్లు ముద్రించే ప్రోగ్రాంలో ఎత్తుకుపోదగినంత రహస్యం ఏముంటుంది? చిన్న సంస్థను నిజంగా ముంచేవాటిలో మొదటివి తాళంచెవులు, అంటే డేటాబేస్ పాస్‌వర్డు, పేమెంట్ గేట్‌వే కీ, క్లౌడ్ ఖాతా టోకెన్ వంటివి. తరవాతివి మనుషుల వివరాలు. కోడ్ ఈ రెండింటికీ చాలా వెనక వస్తుంది. పైగా కోడ్ మీ సంస్థది కాబట్టి దాన్ని ఎవరికి చూపించాలో మీ యజమాని నిర్ణయించుకోవచ్చు గాని, యాత్రికుల ఆధార్ నంబర్ల మీద ఆ హక్కు ఆయనకు కూడా లేదు.

ఇక ఆ సెట్టింగు సంగతి. అది ఒక్క ప్రశ్నకే జవాబు: మీరు పంపినది రేపటి మోడల్‌కు పాఠంగా మారుతుందా, లేదా. పంపినది వారి సర్వర్లలో ఎన్నాళ్లు ఉంటుంది, దుర్వినియోగం జరిగిందన్న అనుమానం వస్తే అక్కడి సిబ్బంది చూడవచ్చా, కోర్టు అడిగితే ఏమవుతుంది అన్నవి దానితో సంబంధం లేని ప్రశ్నలు. 2025 మే నెలలో, న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ దావాలో అమెరికా కోర్టు, వాడుకరులు తొలగించిన సంభాషణలను సైతం భద్రపరచవలసిందిగా ఓపెన్‌ఏఐని ఆదేశించింది. ఆ బాధ్యత సెప్టెంబరు చివరి వరకు కొనసాగింది. డిలీట్ నొక్కి నిశ్చింతగా ఉన్నవారి చాట్‌లు కూడా అందులో ఉన్నాయి. ఎంటర్‌ప్రైజ్ ఖాతాలకూ, డేటా అసలు నిల్వ ఉండకూడదన్న ఒప్పందం మీద ఏపీఐ (తమ ప్రోగ్రాం నుంచి నేరుగా మోడల్‌ను పిలిచే మార్గం) వాడేవారికీ మాత్రం ఆ ఆదేశం వర్తించలేదు. అదే ఏడాది ఆగస్టులో క్లాడ్ మోడళ్లు తయారు చేసే ఆంత్రోపిక్ సంస్థ తన వ్యక్తిగత ఖాతాల షరతులు మార్చి, శిక్షణకు ఒప్పుకున్నవారి డేటాను ఐదేళ్ల వరకు, ఒప్పుకోనివారి డేటాను 30 రోజులు ఉంచుకుంటామని ప్రకటించింది. సొంత ఖాతాతో ఆ సంస్థ కోడింగ్ సహాయకుడు క్లాడ్ కోడ్ వాడేవారికి కూడా అదే వర్తించింది, వాణిజ్య ఒప్పందంలో ఉన్నవారికి వర్తించలేదు.

ఈ రెండు సంఘటనల్లోనూ ముఖ్యమైన గీత ఎక్కడ పడిందో గమనించండి: సెట్టింగు దగ్గర కాదు, ఖాతా రకం దగ్గర. సొంత ఖాతాలో మీరు పెట్టుకున్న స్విచ్‌ను మీ యజమాని తనిఖీ చేయలేరు, షరతులు మారినప్పుడు ఆయనకు కబురు రాదు, మీరు ఉద్యోగం మారితే ఫ్యాక్టరీ లెక్కల గురించిన చాట్‌లన్నీ మీ వెంటే వస్తాయి. మీరు ఎంత నిజాయితీపరులైనా ఇది మీ మీద పడకూడని భారం.

చట్టం వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టం లెక్కలో లాడ్జి యజమాని డేటా ఫిడ్యూషియరీ (డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారు), ఆయన తరఫున డేటాతో పని చేసే మీ సంస్థ డేటా ప్రాసెసర్. ప్రాసెసర్ చేసిన పనికి కూడా ఫిడ్యూషియరీయే బాధ్యుడు, సరైన ఒప్పందం లేకుండా ప్రాసెసర్‌ను పెట్టుకోకూడదు. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. మన లాడ్జీలకు అంత పడుతుందని నేను అనడం లేదు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అయితే లాడ్జి యజమానికి మీ సంస్థ పేరు తెలుసు, మీ సంస్థ వెనక ఇంకొక సంస్థ సర్వర్లలోకి తన అతిథుల వివరాలు వెళుతున్నాయని తెలియదు. రేపు ఆయన ‘నేను ఎప్పుడు ఒప్పుకున్నాను’ అని అడిగితే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

మనుషుల వివరాలు బయటికి పోయే దారి ఎక్కువగా లాగ్‌ల మీదుగానే ఉంటుంది. చెక్-ఇన్ తెరపై సేవ్ నొక్కగానే దోషం వచ్చిందనుకోండి. దాన్ని సరిచేయడానికి మీకు కావలసింది రెండు మూడు వరుసలు: ఏ ఫంక్షన్‌లో, ఎన్నో వరుసలో, ఏ విలువ ఖాళీగా వచ్చింది. కాని డీబగ్గింగ్ సౌకర్యం కోసం ఎవరో ఎప్పుడో మొత్తం రిక్వెస్టును ముద్రించే వరుస ఒకటి రాసి ఉంటారు, అందువల్ల ఆ దోషం కింద అతిథి పేరు, ఊరు, ఫోన్ నంబరు, పన్నెండంకెల ఆధార్, వెంట వచ్చినవారి పేర్లు, వయసులు, గది నంబరు, ఎన్నాళ్లు ఉంటారు అన్నవన్నీ వరుసగా వచ్చి, చివరన రిసెప్షన్‌లో కూర్చున్న ఉద్యోగి సెషన్ టోకెన్ (లాగిన్ అయినట్టు గుర్తుగా కంప్యూటర్ వాడే సంకేతం) కూడా ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు లాడ్జి నుంచి ఫోన్ వచ్చి, కింద యాత్రికులు లగేజీతో నిలబడి ఉన్నప్పుడు ఎవరూ వరుసలు ఏరుకుంటూ కూర్చోరు. ఉన్నదంతా ఎంచుకుని చాట్‌లో అతికిస్తారు. గడువు తీరేలోగా ఆ టోకెన్ ఎవరి చేతికి దొరికినా, పాస్‌వర్డ్ అవసరం లేకుండానే ఆ రిసెప్షన్ ఉద్యోగిగా లోపలికి వెళ్లవచ్చు.

కాబట్టి ‘జాగ్రత్తగా అతికించండి’ అని పోస్టరు అంటించడం వల్ల ప్రయోజనం ఉండదు. లాగ్ రాసే చోటనే ఆధార్, ఫోన్, టోకెన్ అనే క్షేత్రాలను చుక్కలుగా మార్చే ఫిల్టరు పెట్టాలి. అది ఒక పూట పని. అప్పుడు ఎవరు ఎంత హడావుడిలో అతికించినా పోయేది చుక్కలే. నన్నడిగితే, మొత్తం ఆధార్ నంబరును మీ డేటాబేస్‌లో ఉంచడం అవసరమా అన్నది కూడా లాడ్జి యజమానులతో మాట్లాడవలసిన విషయం. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, హోటళ్ల వంటివారికి ఆధార్ ప్రతులు తీసుకునే అధికారం లేదన్న హెచ్చరికను విడుదల చేసింది. దాన్ని జనం అపార్థం చేసుకోవచ్చన్న కారణంతో రెండు రోజులకే వెనక్కు తీసుకున్నారు. ఆ గందరగోళం ఎలా ఉన్నా, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్ చేసిన ఆధార్ అందుబాటులో ఉన్నప్పుడు పన్నెండు అంకెలూ దాచుకోవడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

డేటాబేస్ ప్రశ్నలకైతే పట్టికల నిర్మాణం ఇవ్వండి, వరుసలు ఇవ్వకండి. క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో చెప్పడానికి ఏ సహాయకుడికీ అతిథుల పేర్లు అక్కరలేదు. ఇండెక్సులు, వరుసల సంఖ్య, క్వెరీ ప్లాన్ చాలు. నమూనా వరుసలు తప్పనిసరైతే ఫేకర్ వంటి లైబ్రరీతో కల్పితమైనవి తయారు చేసుకోవచ్చు. ఒక చిట్కా: నిజమైన ఆధార్ నంబరు ఏదీ సున్నాతో గాని ఒకటితో గాని మొదలవదు, కనుక పరీక్షల కోసం అలా మొదలయ్యే అంకెలు వాడితే అవి పొరపాటున కూడా ఎవరివీ కాబోవు. మీ తనిఖీ ఫంక్షన్ వాటిని తిరస్కరిస్తే, పరీక్షా వాతావరణంలో మాత్రం అనుమతించండి. మామిడి ఫ్యాక్టరీ డేటా విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండాలని నా అభిప్రాయం. 2025 సీజన్‌లో గుజ్జుకు వాడే తోతాపురి మామిడికి కిలోకు 4 రూపాయల ప్రభుత్వ సాయం ప్రకటించారు. అటువంటి సాయం రైతుకు చేరాలంటే పేరు, బ్యాంకు ఖాతా, తోలిన సరుకు బరువు ఒకే చోట ఉండక తప్పదు. ఆ పట్టికతో పాటు గుజ్జు కొనే విదేశీ వ్యాపారులకు ఫ్యాక్టరీ ఇచ్చిన ధరలు కూడా మీ డేటాబేస్‌లోనే ఉంటాయి. అవి పోటీదారుకు తెలిస్తే పోయేది మీ క్లయింటు వ్యాపారం.

తాళంచెవులు పోవడానికి మీరు ఏదీ అతికించనవసరం లేదు. ఎడిటర్‌లో ఇమిడి ఉండే సహాయకుడు మీరు రాస్తున్న ఫైలుతో పాటు పక్క ట్యాబ్‌లలో తెరిచి ఉన్న ఫైళ్ల నుంచి కూడా సందర్భాన్ని తీసుకోగలడు. పాస్‌వర్డ్‌లున్న డాట్ ఈఎన్‌వీ (.env) అనే సెట్టింగుల ఫైలును ఒక ట్యాబ్‌లో తెరిచి ఉంచి, ఇంకొక ట్యాబ్‌లో కోడ్ రాసుకోవడం మనలో చాలామంది అలవాటు. గిట్‌హబ్ వారి సహాయకుడు కోపైలట్ బిజినెస్ ఖాతాల్లో ఫలానా ఫైళ్లను చూడవద్దని సంస్థ తరఫున నిర్దేశించే సౌకర్యం ఉంది. కర్సర్ అనే ఏఐ ఎడిటర్‌లో దీనికి విడిగా ఒక ఇగ్నోర్ ఫైలు (చూడకూడని ఫైళ్ల జాబితా) ఉంది. వాటిని తప్పక వాడండి. అయితే వాటి హద్దు తెలుసుకుని వాడండి: ఎడిటర్ నేరుగా ఫైలును చదవకుండా అవి ఆపగలవే గాని, అదే సహాయకుడు టెర్మినల్‌లో ఒక ఆదేశం నడిపి ఫైలును తెరపై ముద్రిస్తే ఆపలేవు. అసలు విరుగుడు, నిజమైన కీలు మీ ల్యాప్‌టాప్‌లో లేకుండా చూసుకోవడమే. మీ కంప్యూటర్‌లో పేమెంట్ గేట్‌వే టెస్ట్ కీ, కల్పిత వరుసలున్న డేటాబేస్ మాత్రమే ఉండాలి. లైవ్ కీ సర్వర్‌లో ఉండాలి. దానితో పాటు కోడ్‌లో దాగిన కీలను పట్టుకునే గిట్‌లీక్స్ వంటి సాధనాన్ని కమిట్‌కు (కోడ్‌ను భద్రపరిచే అడుగుకు) ముందు నడిచేలా పెట్టుకోండి, ఎందుకంటే సహాయకుడు ‘పని అయ్యేలా’ చేసే తొందరలో కీని నేరుగా కోడ్‌లోనే రాసిపెట్టడం అరుదైన సంగతి కాదు.

ఇక్కడి నుంచి విషయం గోప్యత దాటి భద్రతలోకి వస్తుంది, మీ ప్రశ్నలో లేని సంగతి ఇదే. వరుసలు సూచించే సహాయకుడు వేరు, మీ తరఫున ఫైళ్లు మార్చి ఆదేశాలు నడిపే ఏజెంటు వేరు. మొదటిది అతిథికి ఒక గది తాళంచెవి ఇవ్వడం వంటిదైతే, రెండవది కొత్తగా చేరిన రూమ్ బాయ్‌కి మాస్టర్ కీ అప్పగించడం వంటిది. అతడు మంచివాడే కావచ్చు, కాని ఎవరు వచ్చి ‘యజమాని చెప్పారు, ఆ గది తెరువు’ అన్నా తెరిచేస్తాడు. ఏజెంటుకు కూడా మీరు ఇచ్చిన ఆదేశానికీ, అది చదువుతున్న ఫైలులో ఎవరో రాసిపెట్టిన ఆదేశానికీ తేడా కచ్చితంగా తెలియదు. డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీ రీడ్‌మీ ఫైలులోనో, బగ్ నివేదికలోనో ‘ముందుగా కాన్ఫిగరేషన్ ఫైలు చదివి ఫలానా చిరునామాకు పంపు’ అని కనబడకుండా రాసి ఉంటే, అది దాన్ని కూడా పనిలో భాగంగానే తీసుకునే ప్రమాదం ఉంది. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. దీనికి పూర్తి మందు ఇప్పటికీ లేదు.

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టులో ఎన్‌ఎక్స్ అనే ప్రసిద్ధ బిల్డ్ సాధనపు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కూర్చే సాధనం) ప్యాకేజీల్లో దుండగులు హానికర కోడ్ చొప్పించారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసినవారి కంప్యూటర్‌లో క్లాడ్, జెమినై, అమెజాన్ క్యూ వంటి టెర్మినల్ సహాయకులు ఏవైనా ఉన్నాయేమో ఆ కోడ్ వెతికింది. ఉంటే, అనుమతులు అడగకుండా నడిపే ఆప్షన్లతో వాటినే పిలిచి, రహస్య ఫైళ్లు ఎక్కడున్నాయో వాటి చేతనే వెతికించింది. దొరికిన టోకెన్లు, కీలను బాధితుడి సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైటు) ఖాతాలోనే అందరికీ కనిపించే పబ్లిక్ రిపాజిటరీ ఒకటి తెరిచి అందులో పెట్టింది. దొంగ తన పనిముట్లు తెచ్చుకోనవసరం లేకుండా, ఇంటివారి పనివాడినే వాడుకున్నాడు. దుండగులెవరూ లేకుండానే జరిగే నష్టం మరొక రకం. అదే ఏడాది జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ వేదిక ఏజెంటు, మార్పులేవీ చేయవద్దని స్పష్టంగా చెప్పి ఉన్నా ఒక వ్యాపారి లైవ్ డేటాబేస్‌ను తుడిచేసింది.

అందువల్ల ఏజెంటు ఏదైనా సరే, మూడు పట్ల నేను పట్టుదలగా ఉంటాను. ‘ప్రతిదానికీ అడగకుండా నడుపు’ అనే ఆప్షన్‌ను ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాడకూడదు. ప్రతిసారీ అనుమతి అడుగుతుంటే విసుగు వస్తుందన్నది నిజమే కనుక, విసుగు తట్టుకోలేనివారు దాన్ని డాకర్ కంటైనర్‌లో (మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసిన గదిలాంటి చోట) బంధించి, ప్రాజెక్టు ఫోల్డరు తప్ప వేరేదీ కనబడకుండా చేసి నడుపుకోవాలి. లైవ్ డేటాబేస్‌కు వెళ్లే దారి ఏజెంటుకు అసలు ఉండకూడదు. నివేదికల కోసం తప్పదంటే చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజరు, అది కూడా వ్యక్తిగత వివరాలు లేని వ్యూల (పట్టికలో ఎంచిన భాగాన్నే చూపే రూపాల) మీద. అది సూచించిన ప్రతి కొత్త ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు మనిషి చూడాలి. సుమారు 5.76 లక్షల కోడ్ నమూనాలను పరీక్షించిన ఒక అధ్యయనంలో, మోడళ్లు సూచించిన ప్యాకేజీల్లో దాదాపు ఐదో వంతు అసలు లేనివేనని తేలింది. అలా లేని పేరునే దుండగుడు రిజిస్టర్ చేసి కూర్చుంటే మిగతా కథ మీరు ఊహించుకోవచ్చు.

మోడల్‌ను మన కంప్యూటర్‌లోనే నడుపుకోవడం గురించి అడిగారు. మోడళ్లను సొంత కంప్యూటర్‌లో నడిపే ఓలామా వంటి సాధనంతో, నాలుగు బిట్లకు కుదించిన 7 వందల కోట్ల పారామీటర్ల మోడల్ సుమారు 5 జీబీ మెమరీలో నడుస్తుంది, అంటే 16 జీబీ ల్యాప్‌టాప్‌కు అసాధ్యం కాదు. లాగ్ చదివించడానికి, చిన్న ఫంక్షన్లు రాయించడానికి, క్వెరీ సరిచేయడానికి అది సరిపోతుంది. పెద్ద ప్రాజెక్టు మొత్తాన్ని అర్థం చేసుకుని మార్పులు చేయాలంటే మాత్రం అది క్లౌడ్ మోడళ్ల కన్నా చాలా వెనకబడుతుంది. రైతుల ఖాతాలున్న పట్టికల జోలికి వెళ్లే పనులను దానితోనే చేయించమని నేను చెబుతాను. కాని అది తీర్చేది గోప్యత బెడదను మాత్రమే. ఇంటర్నెట్ అనుమతి ఉన్న స్థానిక ఏజెంటు కూడా పైన చెప్పిన రూమ్ బాయ్ లాగానే మోసపోతుంది, నిజానికి చిన్న మోడల్ ఇంకాస్త తేలికగా మోసపోతుంది.

యజమానితో మాట్లాడేటప్పుడు ‘నిషేధించండి’ అని గాని ‘మమ్మల్ని నమ్మండి’ అని గాని అడగకండి. నిషేధిస్తే వాడకం ఆగదు, సొంత ఫోన్లలోకి మారుతుంది. సంస్థ పేరు మీద వాణిజ్య ఖాతా కొనమనండి, కొనేముందు ఒప్పందంలో డేటా నిల్వ ఎన్నాళ్లో, శిక్షణకు వాడరని రాసి ఉందో లేదో చూడమనండి, క్లయింట్లతో ఉన్న ఒప్పందాల్లో ‘మా డేటా మూడో వ్యక్తికి ఇవ్వకూడదు’ అన్న నిబంధన ఉందేమో వెతకమనండి. ఎగుమతి చేసే ఫ్యాక్టరీలతో ఒప్పందాల్లో అటువంటి నిబంధన సాధారణంగా ఉంటుంది. ఉంటే వారి నుంచి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఏ సాధనం, ఏ ఖాతా, ఏ డేటా వెళ్లకూడదు, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి అన్నవి ఒక పేజీలో రాసుకుంటే చాలు. పాతిక పేజీల విధానపత్రాన్ని చదివినవాడిని నేనింతవరకు చూడలేదు.

చివరిగా, పోయిన నెల అతికించిన లాగ్ గురించి: చెప్పండి. చెప్పేముందు ఆ లాగ్‌ను ఒకసారి మళ్లీ చదివి, అందులో టోకెన్ గాని కీ గాని ఉంటే వాటిని ఈ రోజే మార్పించండి, పాత సెషన్లన్నీ రద్దు చేయించండి. చాట్‌ను కూడా తొలగించండి, అయితే అంతటితో పని అయిపోయిందనుకోవద్దు. ఆ తరవాత యజమానికి మెయిల్ రాయండి. నోటితో చెప్పినది రెండు వారాల తరవాత ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. ఏ తేదీన, ఏ సాధనంలో, డబ్బు కట్టే ఖాతాలోనా ఉచిత ఖాతాలోనా, ఏ లాడ్జికి చెందిన ఎంతమంది అతిథుల వివరాలు, వాటిలో ఏ క్షేత్రాలు, ఏ కీలు ఎప్పుడు మార్చారు, చాట్ ఎప్పుడు తొలగించారు అన్నవి ఆ మెయిల్‌లో ఉండాలి, అసలు లాగ్ ఉండకూడదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీకు వంటి సంఘటనలను గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. మీ సంఘటన ఆ పరిధిలోకి వస్తుందా, లాడ్జి యజమానికి ఎలా చెప్పాలి అన్నవి మీ యజమాని ఒక న్యాయవాదిని అడిగి తేల్చుకోవలసిన సంగతులు. అందుకు ఆయనకు కావలసిన వివరాలు మీ ఒక్కరి దగ్గరే ఉన్నాయి కనుక ఆ మెయిల్‌ను రేపటికి వాయిదా వేయకండి.